ఆమా చెప్పిన ట్యూషన్

గ్వేహా ఆమాకి డెబ్బై ఏళ్లొచ్చినా రెండు భయాలు పోలేదు. ఒకటి తుఫాను. రెండోది చేతిలో కాగితాలు పట్టుకుని నవ్వుతూ వచ్చే మనిషి. తుఫాను సంగతి రెండు రోజుల ముందే టీవీలో చెబుతారు, కిటికీలకి చెక్కలు కొట్టుకోవచ్చు. కాగితాల మనిషి చెప్పాపెట్టకుండా వచ్చి గుమ్మంలో నిలబడుతుంది. దానికి ఏ చెక్క కొడతాం?

ఆ రోజు పొద్దున అలాగే వచ్చింది. రేకుల పంచలో ఆమా, పక్కింటి ఆఖిమ్ చిన్న పీటల మీద కూర్చుని ఆల్చిప్పలు ఒలుస్తున్నారు. చిప్ప సందులో కత్తి గుచ్చడం, తిప్పడం, మాంసం గిన్నెలో వెయ్యడం, ఖాళీ చిప్ప వెనక్కి విసరడం. నలభై ఏళ్లుగా చేతులు ఆ పని చేస్తూనే ఉంటాయి, నోళ్లు ఊరి సంగతులు ఒలుస్తూనే ఉంటాయి. వెనక చిప్పల గుట్ట దగ్గర ఆమా మనవరాలు హాన్‌హాన్ కూర్చుని ఉంది. రెండేళ్ల ఎనిమిది నెలల పిల్ల. ఒకే చిప్పని ఎండకి ఎత్తి తిప్పి తిప్పి చూసుకుంటూ, సాయంత్రం చెత్తబండి వాయించే పాటని ఒక్క స్వరం తప్పకుండా కూనిరాగం తీస్తోంది. అమ్మానాన్నా ఉత్తరాన ఫ్యాక్టరీలో పనిచేస్తారు, నెలకోసారి వచ్చి వెళతారు. పిల్ల ఆలనా పాలనా అంతా ఆమాదే. అక్కడి మాటలో ఆమా అంటే నాయనమ్మే.

స్కూటర్ దిగి హెల్మెట్ తీసిన అమ్మాయికి ముప్ఫై దాటి ఉండవు.

“హాన్‌హాన్ వాళ్ల ఆమా మీరేనండీ? నా పేరు షెన్. టౌన్‌లో పసిపిల్లల సేవల ఆఫీసు నుంచి వచ్చాను. టీకా వేసిన నర్సుగారు కబురు చేశారు. పాప పేరు పెట్టి పిలిస్తే పలకట్లేదట కదా?”

ఆమా గుండె గుభేలుమంది. కత్తి మాత్రం ఆగలేదు.

“ఎవరా అన్నది? సూది పొడిచిన మనిషి పిలిస్తే ఏ పిల్ల పలుకుతుంది టీచరమ్మా?”

“పెద్ద జాతి పుంజు ఆలస్యంగా కూస్తుందమ్మాయ్,” అంది ఆఖిమ్, అడక్కుండానే. “మావాడు నాలుగేళ్ల దాకా నోరు విప్పలేదు. ఇప్పుడు వాడి నోరు మూయించడం వాడి పెళ్లాం వల్ల కూడా కావట్లేదు.”

షెన్ నవ్వింది. తర్వాత గుట్ట పక్కన గొంతుక్కూర్చుని, “హాన్‌హాన్!” అని పిలిచింది. పిల్ల చిప్ప తిప్పుకుంటోంది. మళ్లీ పిలిచింది. పిల్ల చిప్ప తిప్పుకుంటూనే ఉంది. దూరంగా ఎక్కడో మోటారు పడవ చప్పుడైతే మాత్రం ఠక్కున తలెత్తింది.

“చెవులకేం లోటు లేనట్టుంది,” అంది షెన్ లేచి. “చూడండి ఆమా, ఇలాంటివి మూడేళ్ల లోపు పట్టుకుంటే చాలావరకు దారికొస్తాయి. బడికెళ్లే వయసు దాకా వదిలేస్తే పిల్లకే కష్టం. నా పని అదే. ఏ డాక్టరుకి చూపించాలి, మాట నేర్పేవాళ్లెవరు, ఆట నేర్పేవాళ్లెవరు, ఏ రోజు ఏ బండి వచ్చి పాపని తీసుకెళ్లాలి, అన్నీ నేనే కుదురుస్తాను.”

మిగతా మాటలేవీ ఆమాకి వినపడలేదు. బండి వచ్చి పాపని తీసుకెళ్లాలి, అన్న ముక్క దగ్గరే ఆగిపోయింది.

ఆమా చెల్లెలు ఆబిన్‌కి మాట రాలేదు. పెద్దవాళ్లు ఆల్చిప్పల మడుల్లోకి దిగేటప్పుడు దాన్ని నీళ్లలో పడకుండా నడుముకి తాడు కట్టి, గుంజకి కట్టేసి వెళ్లేవారు. ఏడేళ్లప్పుడు ఒక బూడిదరంగు బండి వచ్చింది. అందులోంచి దిగినాయన కూడా ఇలాగే నవ్వుతూ, కాగితాలు చూపించి, నగరంలో మంచి ఆశ్రమం ఉందనీ అన్నీ నేర్పుతారనీ చెప్పాడు. నాన్న సంతకానికి బదులు వాడే ముద్ర తీసి గుద్దాడు. బండి వెనక అద్దానికి ఆబిన్ ముఖం ఆనించి ఉంది. అది ఏడవలేదు, దానికి ఏం జరుగుతోందో తెలిస్తేగా. రెండేళ్లకి ఒక ఉత్తరం వచ్చింది, జ్వరంతో పోయిందని. అంతే. అరవై ఏళ్ల కిందటి మాట. ఆమా ఆ సంగతి మొగుడికి కూడా పూర్తిగా చెప్పలేదు.

షెన్ వెళుతూ వెళుతూ ఒక కాగితం ఇచ్చింది. దాని మీద బొమ్మలు, పక్కన గళ్లు. “ఆరు వారాల తర్వాత ఆరోగ్య కేంద్రంలో ఇవే చూస్తాం. ఈలోపు మీరు ఇంట్లో గమనిస్తూ ఉండండి. చేస్తే టిక్కు, చెయ్యకపోతే ఇంటూ. కంగారేం లేదు ఆమా. ఉన్నదున్నట్టు రాస్తే చాలు.”

మధ్యాహ్నం కొడుక్కి ఫోన్ చేసింది.

“వాళ్లు సాయం చెయ్యడానికే వస్తారమ్మా,” అన్నాడు వాడు, వెనక మిషన్ల హోరులోంచి. “మా ముద్రలు నీ దగ్గరే ఉన్నాయిగా. ఎక్కడ గుద్దమంటే అక్కడ గుద్దు.”

“సాయమనే అన్నార్రా మీ తాతతో కూడా.”

“ఏంటమ్మా? వినపళ్లేదు.”

“ఏం లేదు. అన్నం తిన్నావా?”

ఫోన్ పెట్టేసి కాగితం ముందేసుకుని కూర్చుంది. ముక్కు చూపించు. చెవి చూపించు. నోరు చూపించు. బొమ్మలో కప్పు, బంతి, కుక్క. ఆరు చెక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చు. పేరు పెట్టి పిలిస్తే తిరుగుతుందా?

ఇది పరీక్ష కాకపోతే మరేమిటి? కొడుకు చదువుకునే రోజుల్లో వాడికి ఊళ్లో ఉన్న ట్యూషన్లన్నీ పెట్టించింది. వాడి పరీక్షకి ఏ ప్రశ్నలొస్తాయో తెలియక దేవుడి ముందు అగరొత్తులు కట్టలు కట్టలు వెలిగించింది. వాడు తప్పి ఫ్యాక్టరీకి పోయాడు. ఇప్పుడు ప్రశ్నపత్రం దానంతటదే స్కూటర్ ఎక్కి ఇంటికొచ్చింది! ఇంత చేతికొచ్చాక కూడా మనవరాలు తప్పితే ఆ తప్పు ఎవరిది? ఆబిన్‌కి ఎవరూ ట్యూషన్ చెప్పలేదు, అందుకే పోయింది. పాపం, ఆమా అలాగే అనుకుంది. మనమైనా ఆ గుమ్మంలో కూర్చుని ఉంటే అలాగే అనుకునేవాళ్లం.

మర్నాటి నుంచి మొదలు. పొద్దున పదిసార్లు, మధ్యాహ్నం పదిసార్లు, సాయంత్రం పదిసార్లు. “ముక్కేదీ?” అనడం, పిల్ల వేలు పట్టుకుని ముక్కుకి తాకించడం, “ముక్కు” అనిపించడం, వేరుశెనగ మిఠాయి ముక్క నోట్లో పెట్టడం. చెక్కలు లేక మాజాంగ్ ఆట బిళ్లలు పేర్పించింది. పిల్ల మొదట్లో చేతులు లాక్కుంది, తల నేలకేసి కొట్టుకుంది. ఒకరోజు ఏడ్చి ఏడ్చి వాంతి చేసుకుంది. ఆమా కూడా ఏడ్చింది. ఏడుస్తూనే, “చెవేదీ?” అంది.

“ఒసే, పిల్ల ప్రాణం తోడేస్తున్నావే!” అంది ఆఖిమ్. “పుంజు కూసే రోజున అదే కూస్తుందిలే.”

“నీ పుంజుల సంగతి నువ్వు చూసుకో.”

నాలుగో వారానికి పిల్ల పట్టుకుంది. పట్టుకుందంటే పట్టుకుంది, ఇక వదల్లేదు. “ముక్కేదీ?” అంటే చాలు, వేలు టకటకా తిరుగుతూ వరసంతా గడగడా చెప్పేసేది. ముక్కు, చెవి, నోరు, కప్పు, బంతి, కుక్క. చెప్పి అరచెయ్యి చాపేది. మాట రాని పిల్ల నోట ఆరు మాటలు! ఆమాకి నెత్తిన పాలు పోసినట్టయింది. కొరకరాని కొయ్యగా మిగిలింది ఒక్కటే, పేరు. ఎన్నిసార్లు పిలిచినా తిరగదు. కానీ మిఠాయి చుట్టిన కాగితం గరగరమంటే మాత్రం ఎంత దూరాన ఉన్నా తిరుగుతుంది.

ఆరోగ్య కేంద్రంలో నర్సు కూర్చోబెట్టి, కాగితంలో ఉన్న వరసలోనే అడిగింది. పిల్ల గడగడా ఒప్పజెప్పింది. చెక్కలు ఆరూ పేర్చింది. నర్సు వెనక్కి వెళ్లి, “హాన్‌హాన్!” అని పిలిచింది. సరిగ్గా అప్పుడే ఆమా జేబులో చెయ్యి పెట్టి మిఠాయి కాగితం నలిపింది. పిల్ల చటుక్కున తిరిగింది.

పక్కన నిలబడ్డ షెన్ ఆమా వైపు చూసింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఆమా జేబులోంచి చెయ్యి తీసేసి ఒళ్లో పెట్టుకుంది.

“ఇంట్లో కూడా ఇలాగే మాట్లాడుతుందా ఆమా? ఏదన్నా కావాలంటే అడుగుతుందా? మిమ్మల్ని పిలుస్తుందా?”

“పిలవకపోవడమేంటమ్మా? ఆమా, ఆమా అని నా వెనకాలే తిరుగుతుంది.”

అబద్ధం. ఆ పిల్ల పుట్టి ఇన్నాళ్లయినా ఆమా అని ఒక్కసారి అనలేదు.

షెన్ ఆమా జేబు వైపు ఇంకోసారి చూసింది. తర్వాత రాసింది. ప్రస్తుతానికి ఇబ్బందేమీ కనపడలేదు, ఆరు నెలల తర్వాత మళ్లీ చూద్దాం. బయటికొచ్చి ఆమా నూడుల్స్ కొట్టులో రెండు గిన్నెలు చెప్పింది. ఉత్తరానికి ఫోన్ చేసి, “పాసైందిరా!” అంది. కొడుకు, కోడలు ఇద్దరూ అటువైపు నవ్వారు. ఆ నవ్వు విన్నాక ఆమా భయం పోవాలి కదా? పోలేదు. రూపు మార్చుకుని లోపలే కూర్చుంది. ఎందుకో ఆమాకి అర్థం కాలేదు.

పది రోజులకి అర్థమైంది.

మిట్టమధ్యాహ్నం. గిన్నెలు తీసుకెళ్లే బండి వస్తే ఆమా, ఆఖిమ్ ఇద్దరూ మాంసం ఎక్కిస్తున్నారు. పట్టుమని పది నిమిషాలు కాలేదు. తిరిగొచ్చి చూస్తే గుట్ట దగ్గర పిల్ల లేదు. ఇంట్లో లేదు. మంచం కింద లేదు. ఆఖిమ్ వాళ్ల పెరట్లో లేదు. పంచ వెనకే కరకట్ట, కట్టకి అవతల పడవల రేవు. పోటు వచ్చే వేళ.

“హాన్‌హాన్!”

కట్ట ఎక్కింది. మెట్ల మీద చిన్న చెప్పు ఒకటి, గులాబీరంగుది. రెండోది లేదు. కింద నాలుగు మెట్లు అప్పటికే నీళ్లలో ఉన్నాయి, అలకొకటి చొప్పున మెట్లెక్కి వస్తోంది నీరు. ఆమాకి పై ప్రాణాలు పైనే పోయాయి.

“హాన్‌హాన్! హాన్‌హాన్! ఓ హాన్‌హాన్!”

“నువ్వు అటు చూడు, నేను ఇటు పోతా!” అని ఆఖిమ్ జనాన్ని పిలుస్తూ కట్ట మీద పరుగెత్తింది. ఆమా రేవు బల్లల మీదికి పోయి పిలుస్తూనే ఉంది. గొంతు చిరిగేలా పిలిచింది. ఎంత పిలిస్తే ఏం లాభం? ఆ శబ్దం తనదేనని ఆ పిల్లకి తెలియదు. ఈ లోకంలో హాన్‌హాన్ అనే మనిషి ఒకతె ఉందనీ అది తానేననీ ఎవరూ దానికి నేర్పలేదు. గాలి పిలిచినట్టే, పడవ మోటారు పిలిచినట్టే. మోటారుకైతే తలైనా ఎత్తుతుంది.

అప్పుడు ఎందుకు అరిచిందో ఆమాకే తెలియదు. ఆరు వారాలు రోజుకి ముప్ఫైసార్లు అన్న మాటే నోటికి వచ్చింది.

“ముక్కేదీ?”

ఒక్క క్షణం నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత కాళ్ల కిందనుంచి, రేవు బల్లల అడుగునుంచి, చిన్న గొంతు గడగడా మొదలుపెట్టింది.

“ముక్కు. చెవి. నోరు. కప్పు. బంతి. కుక్క.”

ఆమా నీళ్లలోకి దూకింది. బల్లల కింద గుంజల మధ్య పిల్ల కూర్చుని ఉంది. నీళ్లు దాని చంకల దాకా వచ్చాయి. పెదాలు నీలంగా ఉన్నాయి. భయం లేదు, ఏడుపు లేదు. ఆమాని చూడగానే తడిసిన అరచెయ్యి చాపింది మిఠాయి కోసం.

గట్టుకి తెచ్చి, పొడి బట్టలు వేసి, ఆమా పిల్లని ఒళ్లో వేసుకుని కూర్చుంది. ఆఖిమ్ వేడి అల్లం నీళ్లు తెచ్చి ఇచ్చింది. ఈసారి పుంజుల మాట ఎత్తలేదు.

“నీళ్లొస్తున్నా అరవలేదే అది,” అంది ఆమా. “చంకల దాకా వచ్చినా అరవలేదు. ఆమా అనడం తెలియదే దానికి. కప్పు తెలుసు. కుక్క తెలుసు. కుక్కని చూపిస్తే అది కుక్క అని కూడా తెలియదే.”

ఆఖిమ్ పిల్ల తడిజుట్టు తుడిచింది.

“నేనే నేర్పానే ఇదంతా. నేర్పి, దీనికేం లోటు లేదని రాయించాను. ఇంక ఆరు నెలల దాకా ఎవ్వరూ రారు.”

ఆమా ఇప్పుడు రెండు భయాల మధ్య ఇరుక్కుంది. నిజం చెబితే బండి వచ్చి తీసుకుపోతుంది. చెప్పకపోతే ఏదో ఒక రోజు నీళ్లు తీసుకుపోతాయి. బండి తీసుకుపోయిన వాళ్లు రెండేళ్లయినా బతికారు. చెల్లెలి చావుని అలా లెక్కేసుకోవాల్సి వచ్చినందుకు ఆమా తనని తానే తిట్టుకుంది. తిట్టుకుంటూనే పిల్లని ఒక గుడ్డతో నడుముకి కట్టుకుని టౌన్ బస్సెక్కింది.

ఆఫీసులో షెన్ బల్ల మీద ఫైళ్లు గోడలా పేర్చి ఉన్నాయి. ఫోన్ భుజానికి, చెవికి మధ్య ఇరికించుకుని ఎవరినో ఎవరికోసమో బతిమాలుతోంది. ఆమాని చూసి ఫోన్ పెట్టేసింది.

“టీచరు గారూ,” అంది ఆమా, కూర్చోకుండానే. “మా మనవరాల్ని ఫెయిల్ చెయ్యండి.”

“ఏంటి ఆమా?”

“నేను కాపీ కొట్టించాను. ఆ కాగితంలో ఉన్నవన్నీ ఆరు వారాలు ట్యూషన్ చెప్పాను. పేరు పిలిస్తే తిరగలేదు టీచరమ్మా, జేబులో మిఠాయి కాగితం నలిపాను. నన్ను అది ఎప్పుడూ పిలవలేదు. ఒక్కసారి కూడా పిలవలేదు.”

రేవు సంగతి కూడా చెప్పింది. షెన్ తిడుతుందనుకుంది. షెన్ ముఖం పాలిపోయింది.

“నాకు ఆ రోజే అనుమానం వచ్చింది ఆమా,” అంది. “మళ్లీ అడుగుదామనుకున్నాను. నా పేరు మీద నూట పన్నెండు మంది పిల్లలున్నారు. గళ్లన్నీ టిక్కులున్న కాగితం కదా అని పక్కన పెట్టేశాను.” కళ్లు తుడుచుకుంది. “ఎందుకు చేశారు ఆమా? మేం శత్రువులమా?”

ఆమా నడుముకి ఉన్న ముడి సరిచూసుకుంది.

నగరంలో పెద్దాసుపత్రిలో వరస రెండు నెలలుందన్నారు. షెన్ ఆ సాయంత్రమే నాలుగు చోట్లకి ఫోన్లు చేసి, ఎవరో రాలేమన్న రోజుని పట్టుకుని మూడు వారాల్లో కుదిర్చింది. ఆ రోజు తనే వెంట వచ్చింది. గది బయట ఒకటే మాట చెప్పింది. “మీరు ఏదీ అందివ్వకూడదు ఆమా. సైగ కూడా వద్దు. పాపకి ఏం రాదో వాళ్లకి తెలియాలి.”

ఆమా రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. లోపలి డాక్టరమ్మ కాగితం చూడలేదు, వరస పాటించలేదు. ఒక బొమ్మపిల్లని, ఒక గిన్నెని ముందు పెట్టి, “దీనికి ఆకలేస్తోంది, పెట్టు,” అంది. హాన్‌హాన్ గడగడా ఆరు మాటలూ ఒప్పజెప్పి చెయ్యి చాపింది. మిఠాయి రాలేదు. ఇంకోసారి చెప్పింది, ఈసారి గట్టిగా. రాలేదు. పరుగున వచ్చి ఆమా తొడల కింద చేతులు లాగి, వేళ్లు ఒక్కొక్కటే విప్పి వెతికింది. ఖాళీ. పిల్ల తన మణికట్టుని తానే కొరుక్కుని కేక పెట్టింది. ఆమా పళ్లు బిగబట్టింది. కళ్లు మాత్రం మూసుకోలేదు. అరవై ఏళ్ల కిందట ఆబిన్ వెళ్లిన రోజున బండి కదలగానే తలుపు చాటున కళ్లు మూసుకుంది, ఈ రోజు మూసుకోకూడదనుకుంది.

రెండు గంటలు పట్టింది. ఒక్కటీ రాలేదు. బయటికొచ్చాక షెన్ కాగితాలు తెచ్చింది. ఆమా కొడుకు ముద్ర తీసి ఎర్ర సిరాలో అద్దింది. మొదటిది పక్కకి పోయింది, మళ్లీ గుద్దింది.

“బండి ఎప్పుడొస్తుంది?”

“వచ్చే మంగళవారం పొద్దున ఎనిమిదింటికి.”

“బట్టలు ఎన్ని జతలు సర్దాలి?”

“బట్టలెందుకు ఆమా? పదకొండున్నరకల్లా ఇంట్లో ఉంటారు. మంగళవారం, శుక్రవారం. బండిలో రెండు సీట్లు రాయించాను.”

“రెండోది ఎవరికి?”

“మీకే. మీరు రాకపోతే అక్కడ నేర్పినవి ఇంట్లో ఎవరు చేయిస్తారు?”

ఆమా నమ్మలేదు. కాగితం అడిగి తీసుకుని, వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదువుకుంది. రెండు పేర్లూ ఉన్నాయి. అయినా నమ్మలేదు. కాగితం మీద ఏవైనా రాస్తారు, ఆ సంగతి ఆమా కంటే ఎవరికి బాగా తెలుసు?

మంగళవారం ఆరింటికే గుమ్మంలో నిలబడింది. ఎనిమిదింటికి తెల్లబండి వచ్చి ఆగింది. ముందు తను ఎక్కి, తర్వాత పిల్లని ఎక్కించుకుంది. డ్రైవరు వెనక్కి వచ్చి బెల్టు లాగాడు.

“ఆమా, పాపకి బెల్టు పెట్టాలి. చెయ్యి వదలండి.”

ఆమా వదల్లేదు.

“ఏం కాదు ఆమా, ఒక్క నిమిషం.”

“పెట్టు నాయనా,” అంది ఆమా. “నా చెయ్యి మీంచే పెట్టు.”